మొహం చూసి మనిషిని అర్థం చేసుకోవడం ఎట్టా నేర్చుకోవాలి?

పొదిలి ల్యాబ్ టెక్నీషియన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది పొదిలి దగ్గర పల్లెటూరు. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి ఏడాదిన్నరగా ఒంగోలులో ఒక ల్యాబ్‌లో రక్తం శాంపిల్స్ తీస్తున్నాను. వయసు 24. సూది పెట్టడంలో నా చేయి మంచిదని అందరూ అంటారు. ఎంత సన్న నరమైనా ఒక్క పోటుతో దొరకబుచ్చుకుంటాను, చిన్నపిల్లలు వస్తే నన్నే పిలుస్తారు. నాకు రానిదల్లా ఆ చేయి ఎవరిదో ఆ మనిషిని చూడటం.

పోయిన నెల ఒక సోమవారం పొద్దున ఏడు గంటలప్పుడు పరగడుపు షుగర్‌కి వచ్చినవాళ్ళు పదిహేను మంది దాకా లైన్‌లో ఉన్నారు. అరవై దాటిన పెద్దాయన ఒకరు కూతురితో వచ్చారు. లైన్‌లో ఉన్నంతసేపు పక్కాయనతో కంది చేను గురించి, రాని వాన గురించి గలగలా మాట్లాడుతూనే ఉన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి చేతికి టోర్నికేట్ (నరం తేలడానికి బిగించే పట్టీ) కట్టాను. మాట ఆగిపోయింది. ఒకసారి ఆవలించారు. కాసేపటికి మళ్ళీ ఆవలించారు. భుజం మీద తువ్వాలు తీసి పైపెదవి తుడుచుకున్నారు.

ఇవన్నీ నేను చూశాను. చూడలేదని చెప్పను. తెల్లారుజామునే లేచి బస్సెక్కి వచ్చారు, టీ చుక్క కూడా తాగలేదు, నిద్ర తీరలేదేమో అనుకున్నాను. సూది పెట్టాను, ట్యూబు నిండుతోంది, నా కళ్ళు ట్యూబు మీదే ఉన్నాయి. దూది పెట్టి "గట్టిగా అదిమి పట్టుకోండి, అయిపోయింది, లేవండి" అన్నాను. లేచారు. రెండడుగులు వేసి ముందుకు పడిపోయారు. గడ్డం బల్ల అంచుకు తగిలి మూడు కుట్లు పడ్డాయి.

ఆయన కూతురు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మా నాయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. నాకు తలుపు దగ్గర నుంచి కనపడింది. పక్కనే ఉన్నావు, నీకు కనపడలేదా?" అని అడిగింది. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

మా అమ్మ చిన్నప్పటి నుంచీ ఇదే మాట అంటుంది, "నీకు మొహం చూసి మాట్లాడటం రాదురా" అని. చుట్టాలింట్లో వాళ్ళు పడుకునే టైమ్ అయిందని నాకు తెలిసేది కాదు, అమ్మ గిల్లితే లేచేవాణ్ణి. ఇన్నాళ్ళూ దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు నావల్ల ఒక మనిషికి కుట్లు పడ్డాయి కాబట్టి ఇక వదిలేయలేను.

ఆ రోజు నుంచి బాడీ లాంగ్వేజ్ వీడియోలు చాలా చూశాను. చేతులు కట్టుకుంటే మన మాట నచ్చలేదని, ముక్కు తడుముకుంటే అబద్ధమని, కళ్ళలోకి చూడకపోతే ఏదో దాస్తున్నాడని చెప్తారు. నాలుగు రోజుల తర్వాత కనిగిరి వైపు నుంచి ఒకాయన వచ్చారు. రిపోర్టు సాయంత్రం నాలుగింటికి వస్తుందని చెప్తుంటే చేతులు కట్టుకుని, తల దించుకుని నిలబడ్డారు. కోపంగా ఉన్నాడనుకుని "మేం కావాలని ఆలస్యం చేయడం లేదండీ" అని కాస్త గట్టిగానే అన్నాను. ఆయన గాభరా పడిపోయి "అయ్యో, చదువుకున్నోళ్ళు చెప్తున్నారని చేతులు కట్టుకున్నా సార్" అన్నారు. మా తాత కూడా ఊళ్ళో పెద్దల ముందు అట్టానే నిలబడేవాడు. నాకు తెలిసిన సంగతే, వీడియో చూసి మర్చిపోయాను.

నాకు రెండు సంగతులు కావాలి. దీన్ని నిజంగా ఎట్టా నేర్చుకోవాలి? కనిపెట్టాక ఏం చేయాలి, ఏం అనాలి? రెండోది నాకు ఇంకా కష్టం. దయచేసి మీ అనుభవం చెప్పండి.

నెల్లూరు సిస్టర్

తమ్ముడూ, ముందు ఆ ఆవలింత సంగతి చెప్తాను, ఎందుకంటే రేపు పొద్దున కూడా నీ కుర్చీలో ఎవరో కూర్చుంటారు. నేను 22 ఏళ్ళుగా వార్డుల్లో పనిచేస్తున్నాను.

సూదికి భయపడి కళ్ళు తిరిగేవాళ్ళకు మొదట గుండె దడ పెరుగుతుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి గుండె వేగం, బీపీ రెండూ పడిపోతాయి. మెదడుకు చాలినంత రక్తం అందక మనిషి కూలిపోతాడు. పడిపోయే ముందు ఒళ్ళు చెప్తూనే ఉంటుంది. మొహం, పెదాలు పాలిపోతాయి. నుదుటి మీద, పైపెదవి మీద చల్లటి చెమట పడుతుంది. ఆవలింతలు వస్తాయి. మాట తగ్గిపోతుంది. ఇవి మనకు కనపడేవి. కడుపులో తిప్పడం, చూపు మసకబారడం, చెవుల్లో హోరు ఆ మనిషికే తెలుస్తాయి, అడిగితేనే చెప్తారు. నువ్వు రాసిన పెద్దాయనలో కనపడేవన్నీ ఉన్నాయి. నీకు చూపు లేక కాదు, చూసినదాని అర్థం నీకు ఎవరూ చెప్పకపోవడం వల్ల అట్టా జరిగింది.

అట్టాంటిది కనపడగానే టోర్నికేట్ వదులు చేసి, సూది తీసేసి, దూది అదిమిపెట్టి పడుకోబెట్టు. కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టు. పది పదిహేను నిమిషాలు లేపకు. లేపేటప్పుడు ముందు కూర్చోబెట్టు, మాట్లాడించు, రంగు తిరిగి వచ్చిందో లేదో చూసి అప్పుడు నిలబెట్టు. సూది పెట్టకముందే అందరినీ ఒక్క మాట అడుగు: "ఇంతకుముందు ఎప్పుడైనా రక్తం ఇస్తే కళ్ళు తిరిగాయా?" అవునంటే కూర్చోబెట్టవద్దు, పడుకోబెట్టే తీయి. వాళ్ళకు ఇంకో ఉపాయం కూడా ఉంది. రక్తం తీసే చేయి వదులుగా ఉంచి, రెండో పిడికిలి, తొడలు, పొట్ట పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించి వదలమను, మళ్ళీ బిగించమను. దాంతో బీపీ పడిపోకుండా నిలబడుతుంది.

ఇక మన మనుషుల సంగతి. మనవాళ్ళు నోటితో చెప్పేది తక్కువ. ఉదయగిరి వైపు నుంచి ఒక ముసలమ్మ ఆపరేషన్ అయి మా వార్డులో ఉండేది. ఎన్నిసార్లు అడిగినా "ఏం నొప్పి లేదు తల్లా" అనేది, మొహం కూడా మామూలుగానే ఉండేది. ఒకరోజు దుప్పటి సర్దుతుంటే ఆమె కాలి వేళ్ళు లోపలికి ముడుచుకుని కనపడ్డాయి. రెండు కాళ్ళకీ. చేయి పట్టుకుని "అమ్మా, కాళ్ళెందుకు బిగబట్టావు?" అన్నాను. అప్పుడు ఏడ్చింది. నొప్పి అని చెప్తే ఇంటికి పంపరేమో అని భయమట. అప్పటి నుంచి నేను మొహం ఒక్కటే చూసి నమ్మను, కాళ్ళూ చేతులూ చూస్తాను.

ఇంకొకటి. మాతో ఒక కేరళ అమ్మాయి కొత్తగా చేరింది. మన వాళ్ళు నాలుకతో "చ్" అంటే తనను విసుక్కుంటున్నారని రోజూ బాధపడేది. అది 'లేదు' అనడమేనని చెప్పేదాకా తెలియలేదు పాపం. తల పక్కకు వాల్చి ఊపితే 'సరే' అన్నట్టు. కానీ ముసలివాళ్ళు అర్థం కాకపోయినా అట్టానే ఊపుతారు. అందుకే నేను "మాత్ర ఎప్పుడేసుకోవాలో నాకొకసారి చెప్పు పెద్దమ్మా" అని తిరిగి చెప్పిస్తాను.

కొండపి రైతు

అబ్బాయ్, నాకు వైద్యం తెలియదు. పొగాకు, పశువులు తెలుసు.

నువ్వు రాసినదాంట్లోనే నీ ప్రశ్నకు జవాబు ఉంది. "గలగలా మాట్లాడుతూనే ఉన్నారు, మాట ఆగిపోయింది" అని రాశావు. అదే చూడాల్సింది. మా కొట్టంలో ఒక ఎద్దు ఎప్పుడూ చెవులు వెనక్కి పెట్టే నిలబడేది, దానికి అదే అలవాటు. దాని జతది చెవులు వెనక్కి పెట్టిందంటే మాత్రం దగ్గరికి పోకూడదు, కాలు విసురుతుంది. రెండింటి చెవులూ ఒకటే, అర్థాలు వేరు. రోజూ ఎట్టా ఉంటుందో తెలిస్తేనే ఈ రోజు తేడా తెలుస్తుంది. నీ దగ్గరికి వచ్చే మనిషిని నువ్వు రోజూ చూడవు కదా అంటావేమో. లైన్‌లో ఉన్నప్పుడు ఐదు నిమిషాలు చూస్తావు, అది చాలు. కుర్చీలో కూర్చోకముందు ఎట్టా ఉన్నాడో గుర్తుపెట్టుకో, కూర్చున్నాక ఏం మారిందో చూడు.

వేలం ప్లాట్‌ఫారంలో మా పొగాకు బేళ్లు వరుసగా పెడతారు. బయ్యర్లు నడుచుకుంటూ వస్తారు, ఆకు పైకి లాగి చూస్తారు, చేత్తో నలిపి చూస్తారు. మొహంలో ఏమీ కనపడనివ్వరు, అది వాళ్ళ వృత్తి. కుర్రతనంలో నేను వాళ్ళ మొహాలే చూస్తూ టెన్షన్ పడేవాణ్ణి, నవ్వితే రేటు వస్తుందనుకునేవాణ్ణి. ఒకాయన నవ్వుతూ పలకరించి నా బేళ్లు మూడు నోబిడ్ చేసి, అంటే రేటే పెట్టకుండా వదిలేసి పోయాడు. తర్వాత తర్వాత చేతులు చూడటం మొదలుపెట్టాను. వద్దనుకున్న ఆకును పైపైన వేలితో కదిపి వదిలేస్తారు. కావాలనుకుంటే లోపలి ఆకు కూడా లాగి చూస్తారు.

మనిషి మొహం దాచుకోగలడని మన పెద్దోళ్ళకు బాగా తెలుసు. మా నాయనతో పశువుల సంతకు పోయినప్పుడు చూశాను, చేతుల మీద తువ్వాలు కప్పుకుని లోపల వేళ్ళు పట్టుకుని బేరం ఆడేవాళ్ళు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వందలో వేలో. చుట్టూ నిలబడ్డవాళ్ళకు రేటు తెలియదు. మా నాయన బేరం ఆడుతున్నంతసేపూ నేను ఆయన మొహం చూసేవాణ్ణి, అది గోడలా ఉండేది. కానీ బేరం కుదరబోతోందంటే కాలి బొటనవేలు చెప్పులో కదిలేది. అది కొడుకుని గనక నాకు తెలుసు, బయటివాళ్ళకు తెలియదు.

సింగరాయకొండ లెక్చరర్

సైకాలజీ చదువుకున్నాను కాబట్టి ఆ వీడియోల గురించి మాత్రం చెప్తాను.

"మనం చెప్పేదాంట్లో 93 శాతం మాటల్లో కాదు, శరీరంలో, గొంతులో ఉంటుంది" అని వీడియోల్లో తెగ చెప్తారు. ఆ అంకె ఆల్బర్ట్ మెహ్రేబియన్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. ఒక్కో మాట పలికించి, మాట ఒక రకంగా, గొంతూ మొహమూ ఇంకో రకంగా ఉన్నప్పుడు ఇష్టమా అయిష్టమా అని వినేవాళ్ళు దేన్నిబట్టి ఊహిస్తారో చూశారు. అంతవరకే. రోజువారీ మాటలన్నిటికీ అది వర్తించదని ఆయనే చెప్పాడు.

అబద్ధం సంగతీ అంతే. ఎదుటివాళ్ళు నిజం చెప్తున్నారా అబద్ధమా అని మనుషులు ఎంతవరకు కనిపెట్టగలరో, జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2006లో బాండ్, డిపాలో లెక్క కట్టారు. సగటున 54 శాతం వచ్చింది. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. కాబట్టి ముక్కు తడుముకున్నవాడు అబద్ధాలకోరని ఎవరైనా చెప్తే దయచేసి నమ్మవద్దు. ఒంగోలు దుమ్ములో ముక్కు దురదపెట్టని వాడెవడు?

చేతులు కట్టుకోవడం గురించి మీరు నేర్చుకున్న పాఠం నా క్లాసులో చెప్పాల్సినంత మంచిది. మా కాలేజీలో పల్లెల నుంచి వచ్చే పిల్లలు నా కళ్ళలోకి చూడరు. అది మర్యాద. అదే పిల్లలు నాలుగేళ్ళ తర్వాత ఇంటర్వ్యూకి పోతే 'కాన్ఫిడెన్స్ లేదు' అని వెనక్కి పంపిస్తున్నారు. ఆ అన్యాయం నన్ను చాలా ఏళ్ళుగా తొలుస్తోంది.

చీమకుర్తి అకౌంట్స్

మీ పోస్టు మూడుసార్లు చదివాను. నాకు 34. గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. మనుషుల మొహాలు నాకు చిన్నప్పటి నుంచీ అర్థం కావు. 29 ఏళ్ళప్పుడు డాక్టరు ఆటిజం అని చెప్పారు. నాతో పోలిస్తే మీకు చాలా తెలుసు, మీరు ఆవలింతను, తువ్వాలును గుర్తుపెట్టుకున్నారు.

మీ రెండో ప్రశ్నకు నేను చెప్తాను, ఎందుకంటే నా జీవితం మొత్తం దాంతోనే నడుస్తోంది. నేను అర్థం చెప్పను, కనపడింది చెప్తాను. "మీకు కోపం వచ్చింది" అంటే అవతలివాళ్ళు నొచ్చుకుంటారు, పైగా తప్పు కావచ్చు. "మీరు రెండుసార్లు వాచీ చూశారు, నేను ఆపనా?" అంటే వాళ్ళే నిజం చెప్తారు. మా ఆఫీసుకి బ్లాక్ గెలాక్సీ రాయి కొనడానికి చైనా నుంచి కూడా వస్తారు. వాళ్ళ నవ్వు నాకు అర్థం కాదు, మా ఓనరుకూ కాదు. నేను మాత్రం ఎవరినైనా ఒకటే అడుగుతాను. "మీరు ఈ అంకె దగ్గర ఆగారు. ఇందులో ఏమైనా మార్చాలా?" ఎక్కువసార్లు ఏదో ఒకటి మార్చాల్సిందే ఉంటుంది.

మా ఆవిడకి పెళ్ళయిన కొత్తలోనే చెప్పేశాను, "నువ్వు మూతి ముడుచుకుంటే నాకు తెలియదు, నోటితో చెప్పు" అని. మొదట్లో బాధపడింది. ఇప్పుడు వంటింట్లో నుంచే "నేను అలిగాను" అని చెప్తుంది. నేను లేచి వెళ్తాను. మా ఇంట్లో అది బాగా నడుస్తోంది.

అడగడానికి సిగ్గుపడకండి. చూసి తెలుసుకోలేకపోతే అడిగి తెలుసుకోవచ్చు. అడిగాక వాళ్ళు చెప్పింది నమ్మాలి, అది ముఖ్యం.

పొదిలి ల్యాబ్ టెక్నీషియన్ (మూడు వారాల తర్వాత)

అందరికీ ఎట్టా చెప్పాలో తెలియడం లేదు. సిస్టర్ అక్క చెప్పిన ప్రశ్నను కుర్చీ పక్కన గోడకు కాగితం మీద రాసి అంటించుకున్నాను. ఇప్పటిదాకా నలుగురు 'అవును, కళ్ళు తిరుగుతాయి' అన్నారు. నలుగురినీ పడుకోబెట్టే తీశాను. ఇన్నాళ్ళూ అట్టాంటివాళ్ళు ఎంతమంది నా కుర్చీలో భయపడుతూ కూర్చుని పోయారో తలుచుకుంటే బాధగా ఉంది.

ఐదో మనిషి గురించి చెప్పాలి. లారీ డ్రైవర్, నాకు రెండింతలుంటాడు. కళ్ళు తిరుగుతాయా అని అడిగితే "చ్" అన్నాడు. రైతు పెద్దాయన చెప్పినట్టు ముందు నుంచీ చూస్తున్నాను. బయట ఫోన్‌లో పెద్దగా మాట్లాడినవాడు కుర్చీలో గొంతు తగ్గించాడు. కుడి మడమ నేల మీద టకటకా ఆడుతోంది. కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ఇదివరకటి నేనైతే "భయపడకండి అన్నా" అనేవాణ్ణి. చీమకుర్తి అన్న మాట గుర్తొచ్చి "చేయి బాగా బిగుసుకుపోయింది అన్నా. పడుకుంటే నరం తేలిగ్గా దొరుకుతుంది, పడుకుంటారా?" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. తలుపు వైపు చూశాడు. తలుపు తెరిచి ఉంది, లైన్‌లో ఆయనతో వచ్చిన ఇద్దరు నిలబడి చూస్తున్నారు. నేను లేచి కర్టెన్ లాగాను. అప్పుడు తల పక్కకు వాల్చి మెల్లగా వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. రక్తం తీస్తుంటే, పోయినేడు కూతురికి డెంగీ వచ్చిందని, ప్లేట్‌లెట్ల కోసం ఆ పిల్లకు రోజూ సూది గుచ్చుతుంటే తనే చేయి పట్టుకున్నానని చెప్పాడు. నేనేం అడగలేదు. ఆయనే చెప్పాడు.

తప్పులు కూడా జరిగాయి. ఒక కాలేజీ అమ్మాయి మొహం చిట్లించింది. "మొహం చిట్లించారు, ఏమైనా ఇబ్బందా?" అంటే "స్పిరిట్ వాసన పడదు" అంది. అంతే. దూది దూరంగా పెట్టాను.

నిన్న పొద్దున ఆ పెద్దాయన మళ్ళీ వచ్చారు. గడ్డం కింద సన్నగా గీతలా మచ్చ కనపడుతోంది. వేరే ల్యాబ్‌కి పోతారనుకున్నాను. కూతురు ఈసారి తలుపు దగ్గర ఆగలేదు, లోపలికి వచ్చి మంచం తలవైపు నిలబడింది. పడుకోమని నేను చెప్పేలోపే తువ్వాలు మడిచి తల కింద పెట్టుకుని పడుకున్నారు. జరిగినదానికి క్షమించమని అడిగాను. "పోనీలే అబ్బయా" అని చేయి చాపారు.

"కంది ఎట్టా ఉంది పెద్దాయనా?" అని అడిగాను. పురుగు పట్టిందని మొదలుపెట్టారు. మందు ఎన్నిసార్లు కొట్టారో, కూలి ఎంతయిందో, పక్క చేనాయన ఏం చేశాడో అన్నీ చెప్పారు. సూది పెట్టినప్పుడు ఒక్క క్షణం ఆగారు. నేను ట్యూబు మీద నుంచి కళ్ళెత్తి ఆయన పెదాలు చూశాను. రంగు బాగానే ఉంది. "అదీ సంగతి, ఇక రేటు చూడబోతే..." అని మళ్ళీ అందుకున్నారు.